మీ నాయన కొన్న నాలుగు చక్రాల బండి

సుమతీ,

నిన్న నీ సంవత్సరీకానికి వచ్చిన వాళ్లంతా ఏడ్చి వెళ్లారు. ఇవాళ నీకు నవ్వొచ్చే సంగతి చెబుతాను. మీ నాయన ఏటీవీ కొన్నాడు, అదే, రాళ్లూ గుట్టలూ ఎక్కే నాలుగు చక్రాల బండి.

పులివెందుల చీనీతోటకు నీ బైకు వెనకే కదా ఆయన పోయేది. నువ్వు లేనప్పటి నుంచి అటు పోనేలేదు. నడుము నొప్పికి గుట్ట దారి పడదని, కౌలుకు ఇచ్చేస్తానని మాట కూడా ఇచ్చాడు. నువ్వు నాటించిన తోట పరాయి చేతిలోకి పోతుంటే నాకు మనసొప్పలేదు. పోయిన వారం ఆయన్ను ప్రొద్దుటూరులో ఈ బండ్లమ్మే షాపుకు లాక్కుపోయాను.

మొదట నడిపి చూసిన బండిలో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు ఉన్నాయి. ఒకటి రాయెక్కితే రెండోదీ ఎగిరింది. మీ నాయన "అబ్బా" అన్నాడు. ఇంకోదాంట్లో ఏ చక్రానికి ఆ స్ప్రింగు, దేని కుదుపు దానిదే.

"మలుపుల్లో ఇది రోంత వాలుతాది మామా" అన్నాడు షాపాయన.

"నా నడుమూ వాలే ఉండాది. జత కుదురుతాదిలే."

నేను వెనక ఎక్కి కూర్చున్నాను.

"అమ్మా, అది మూటలు పెట్టే చోటు!"

"మూటే అనుకో అప్పా. పెండ్లయినకాడ్నుంచి మోస్తానే ఉండా" అన్నాడు మీ నాయన.

రెండోదే కొన్నాం.

ఈ పొద్దున మేం తోటలో ఉండగా, కౌలు మాట్లాడుకున్న జమ్మలమడుగు ఆయన వచ్చాడు. మీ నాయన కౌలు ఊసే ఎత్తలేదు. వచ్చినాయనకు చీనీకాయలు తినిపించి, బండి మీద బస్టాండుకు తీసుకుపోయి, "జమ్మలమడుగు బస్సు వచ్చె, ఎక్కప్పా" అని సాగనంపి, మళ్లీ తోటకే వచ్చాడు.