బార్లీ బొచ్చు ఈగ గట్టెక్కింది

ఎన్నిస్, మోంటానా
అక్టోబరు 9

తల్లీ రోజెల్, నేను బాగున్నాను, మోకాలూ బాగుంది, ముందు సంగతి విను.

మన కుక్క బార్లీ బొచ్చు దువ్వి, ఆ బొచ్చుతో ఎరగా గాలానికి నువ్వు కట్టిన మట్టిరంగు ఉత్తుత్తి ఈగకు ఇవాళ పొద్దున ఇక్కడి ఏట్లో ట్రౌట్ చేప పడింది! జనవరి మంచులో పడింది, మేలో పడింది, ఆగస్టు ఎండలో పడింది. ఆకులు రాలే ఈ కాలంలో కూడా పడితేనే మన ఊరి చేపల క్లబ్బులో చూపిస్తానని పంతం పట్టావు కదా, పడిందమ్మా!

నాతో వచ్చిన క్లబ్బు పెద్ద డెల్బర్ట్ నా పక్కనే నిలబడి ఒకటే ఎగతాళి. "ఒరేయ్ మెర్ల్, కుక్కబొచ్చు చూసి చేప వస్తుందట్రా? మొరుగుతుందేమోనని పారిపోతుంది!" అన్నాడు. తన డబ్బాలోంచి పదకొండు రంగురంగుల ఈగలు మార్చాడు, ఒక్కదాన్నీ చేప ముట్టలేదు. నాకు మూడో విసురుకే దారం బిగిసింది. మోచేతి పొడవు చేప! నా కేకకు బాతులన్నీ లేచిపోయాయి. చేపను మళ్లీ నీళ్లలోకి వదిలేశాను, కోప్పడకు.

నా ఉన్ని మేజోళ్లు పంపు. పొయ్యి గొట్టం దులిపించావా? బార్లీని రోజూ దువ్వు గానీ కత్తిరించకు, చలికాలం వస్తోంది.

గురువారం క్లబ్బుకు ధైర్యంగా వెళ్లు. చేపను వదిలాక డెల్బర్టే మెల్లగా "ఇంకోటుంటే ఇటివ్వరా" అన్నాడు, నువ్విచ్చిన రెండో ఈగ ఇచ్చాను. ఇప్పుడది ఆయన టోపీకి గుచ్చి ఉంది.

నీకు నా ఆశీస్సులు, బార్లీకి ఒక సాసేజ్ ముక్క ఎక్కువ.

మీ నాన్న