పదమూడో ఫ్రేములో అమ్మ

బాపూ,

ఎట్లున్నావని అడగొచ్చో లేదో తెలియదు... అయినా అడుగుతున్నాను. నువ్వు పోయి రెండేండ్లు దాటింది. ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, పెత్రమాస దగ్గరికొచ్చింది. ఆ రోజు పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు నీ ఫొటో పక్కన అమ్మది కూడా పెద్దగా ఉండాలని అవ్వ పట్టుబట్టింది. "మీ అమ్మ గింతంత ఫొటోల ఎన్నేండ్లు ఇరికి కూసుంటదే" అంటోంది. ఏ ఫొటో ఇవ్వాలో చెప్పగలిగింది నువ్వొక్కడివే.

షాద్‌నగర్‌లో కంపెనీ పని అయిపోయాక నా సరదా ఇప్పుడు ఇదే. ఒక పాత స్కానర్ కొన్నాను. నీ రేకు డబ్బాలోని నెగటివ్‌లు ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాను. గొర్ల మందతో తిరుగుతూ నువ్వు తీసినవి, మక్తల్ స్టూడియోకు చేతిసాయం పోయినప్పటివి...

అమ్మ ఫొటో గుర్తుంది కదా? గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో నెలల పిల్లను, నేను. "సూడు బిడ్డా, నిన్నే జూస్తాంది" అనేవాడివి. నాకు ఊహ రాకముందే పోయిన అమ్మ నన్ను చూసిందనడానికి నాకున్నది ఆ ఒక్క ఫొటోనే.

దాన్ని స్కాన్ చేస్తే, తెర మీద అమ్మ కళ్లు మూసుకుని ఉంది.

తప్పేదో జరిగిందనుకుని మళ్లీ చేశాను. మళ్లీ మూసుకునే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో దుమ్ము తుడిచే మీట ఆపి చేశాను. కళ్లు తెరిచింది, నల్లగుడ్లు మాత్రం లేవు. మీట వేస్తే మూస్తుంది, ఆపితే తెరుస్తుంది... గదిలో నేనొక్కదాన్నే, కుర్చీ వెనక్కి జరుపుకున్నాను బాపూ.

తర్వాత వెతికి చదివాను. ఆ స్కానర్ కంటికి కనబడని వెలుతురు ఒకటి వేస్తుంది. అది రంగుల ఫిల్ములోంచి దాటిపోతుంది, దుమ్ము దగ్గర ఆగిపోతుంది. ఆపినదల్లా చెత్తే అని సాఫ్ట్‌వేర్ చెరిపేస్తుంది. పెన్సిల్ గీత దగ్గర కూడా ఆ వెలుతురు ఆగిపోతుందట.

అప్పుడు తెలిసింది. పోయినవాళ్లను కూర్చోబెట్టి ఆఖరి ఫొటో తీయించుకునే ఇండ్లకు స్టూడియో తరఫున నువ్వే పోయేవాడివి. భూతద్దం పెట్టుకుని, నెగటివ్ మీద రెప్పల జాగాలో సన్నటి పెన్సిల్‌తో తెల్లగుడ్డు, ప్రింటు మీద ఇంకుతో నల్లగుడ్డు దిద్దేవాడివి. "కండ్లు దెరిస్తె ఇంటోళ్లకు జర ధైర్యం బిడ్డా" అనేవాడివి. అమ్మకు కూడా అట్లనే తెరిచావని మాత్రం చెప్పలేదు.

ఆ తుడిచే కిటుకుకు పేటెంట్ కూడా ఉండేదట. పేటెంట్ అంటే తాళం అనుకునేదాన్ని. కాదట బాపూ. ఎట్లా చేయాలో అంతా విప్పి రాస్తేనే కొన్నాళ్లు హక్కు ఇస్తారు, గడువు తీరితే అది అందరిదీ. నాకు ఆ పద్ధతి నచ్చింది. అడగకుండా తుడిచే సాఫ్ట్‌వేర్ మాత్రం నచ్చలేదు. ఏది దుమ్మో, ఏది మనిషి చేతి గీతో దానికేం తెలుసు? కానీ అది నాకు చెప్పినంత కూడా నువ్వు చెప్పలేదు కదా...

ఇంతటితో అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ ఫిల్ము ముక్క మీద ఇంకొక ఫ్రేము ఉంది. నువ్వు ఆ రెండింటినే కత్తిరించి దాచావు. అంచు మీద అంకెలున్నాయి. పెన్సిల్ పెట్టినది పన్నెండు. పక్కది పదమూడు.

పదమూడులో అదే చీర, అదే గోడ. ఒళ్లో నేను లేను. అమ్మ కళ్లు తెరిచి ఉంది. మీట వేసి చూశాను, మూసుకోలేదు. భూతద్దంతో వెతికాను, పెన్సిల్ లేదు. కెమెరా వైపు, అంటే నీ వైపు చూస్తోంది. పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి, ఏదో అనబోతున్నట్టు. ఫ్లాష్ వేశావు కాబట్టి నీడను బట్టి ఏది ముందో తెలియడం లేదు.

పన్నెండు తర్వాత పదమూడు కదా బాపూ?

ఒక్క ఆశ ఉంది. మన సొంత కెమెరా చేత్తో తిప్పేది, ఒకటి నుంచి ముందుకే పోతుంది. స్టూడియోవాళ్లది రీలు వేయగానే గుర్రుమని మొత్తం ముందే చుట్టుకుని, ఆఖరి అంకె నుంచి వెనక్కి తీసుకుంటూ వస్తుంది. దానితో తీసి ఉంటే పదమూడే ముందు. అమ్మ బతికుండగా నిన్ను చూసింది, ఆ తర్వాత కళ్లు మూసింది. అంతే.

మన కెమెరాతో తీసి ఉంటే, మూసిన కళ్లు అమ్మ మళ్లీ తెరిచిందనేనా...?

అవ్వ ఆ రోజు మంద దగ్గర ఉందట. వచ్చేసరికి అమ్మను మట్టిలో పెట్టడం కూడా అయిపోయిందట. "ఎందుకురా గంత తొందర" అని అడిగితే నువ్వు నన్ను ఎత్తుకుని బయటికి పోయావట. ఆ పూట ఇంట్లో ఉన్నది మనం ముగ్గురమే. నాకు గుర్తుండే వయసు కాదు.

పదమూడు ముందైతే అదే పెద్దది చేయించి పెడతాను. లేకపోతే దాన్ని అవ్వకు ఎట్లా చూపించను?

పెత్రమాసకు ముందు వచ్చే ఆదివారం ఫైలు ల్యాబ్‌లో ఇవ్వాలి. ఆ లోపల జవాబియ్యి. కలలోనైనా సరే, ఒక్క మాట చాలు. ఆ రోజు నీ చేతిలో ఉన్నది మనదా, స్టూడియోదా?

నీ బిడ్డ
అనిత