కేరింగ్‌కి అయిదుకి అయిదు

గుంటూరు, నర్సింగ్ హాస్టల్
సోమవారం

సామ్రాజ్యం మామ్మగారికి నస్రత్ నమస్తే.

మీ కాలి పుండు కట్టు విప్పగానే పారిపోయి దుప్పట్ల గదిలో దాక్కున్న ఫస్టియర్ అమ్మాయిని నేనే. ఇక్కడ మా కేరింగ్ కొలవడానికి ఫారం ఉంది. "చెయ్యి పట్టుకుందా? భయపడితే పక్కన కూర్చుందా?" అని ఇరవై ప్రశ్నలు. పేషెంట్ ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వెయ్యాలి. మీరేమో డిశ్చార్జ్ అయిపోయారు. నేనే అన్నిటికీ అయిదు వేసి, మీ వేలిముద్ర ఉండాల్సిన చోట నా బొటనవేలు నొక్కేశాను. శుక్రవారం సువార్తమ్మ సిస్టర్ కట్టు మార్చడానికి మీ ఇంటికొచ్చి అడుగుతారట. అయిదే అనండి, ప్లీజ్. దొరికితే మా అమ్మీని పిలిపిస్తారు.

భయంతో,
నస్రత్

తా.క. ఫోన్లు వార్డెన్ దగ్గరున్నాయి. ఇది చదివి చించేయండి.

ప్రత్తిపాడు
శుక్రవారం

నస్రతమ్మకి సామ్రాజ్యం దీవెనలు. రాసేది మా కోడలు సౌజన్య.

మిరపకాయలు ఏరుతూ ముప్పై ఏళ్ళు కూర్చున్నదాన్ని, నాకు రకాలు తెలీవా? ఒకటో రకం నిగనిగలాడే కాయ. అయిదోది రంగుపోయిన తాలు. పారిపోయానని నీకు నువ్వే తాలు రకం వేసుకున్నావే, ఎంత నిజాయితీ తల్లీ! వేలిముద్రదేముంది, నా వేలైనా అదే వేసేది. సిస్టరమ్మకి గట్టిగా చెప్పా, "అన్నిటికీ అయిదే, ఒక్కటి కూడా మార్చడానికి వీల్లేదు" అని.

నీ మేలు కోరే
మామ్మ

తా.క. ఆవిడ మురిసిపోయి రెండు గ్లాసుల టీ తాగింది. పిల్ల పనికిరాదంటే అంత సంతోషమేంటే?

గుంటూరు
మంగళవారం

మామ్మగారూ,

అయిదంటే తాలు కాదండీ, బెస్ట్! నా ఫొటో నోటీస్ బోర్డులో పెట్టారు. పేషెంట్ చెయ్యి ఎలా పట్టుకోవాలో శనివారం అందరి ముందు నేను చేసి చూపించాలట. ఇంతవరకు నేను ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఆ బోర్డు ముందు తలొంచుకుని వెళ్తుంటే, "ఎంత వినయమో" అంటున్నారు. చెప్పేద్దామని మూడుసార్లు సిస్టర్ రూం దాకా వెళ్ళి, టైమెంతని అడిగి వచ్చేశాను. మీరు మాత్రం ఎవ్వరికీ చెప్పకండి. ముఖ్యంగా సిస్టర్‌కి.

సిగ్గుతో,
నస్రత్

తా.క. బెస్ట్ వచ్చిందని అమ్మీ హాస్టల్ మొత్తానికీ బిర్యానీ పంపింది. నాకొక్కదానికే మింగుడుపడలేదు.

ప్రత్తిపాడు
గురువారం

నస్రతమ్మకి మామ్మ దీవెనలు.

సౌజన్య దర్శి వెళ్ళింది, పుట్టింటికి. నాకా, అక్షరం ముక్క రాదు. నీ ఉత్తరం వచ్చేసరికి కట్టు మార్చడానికి సిస్టరమ్మ ఇక్కడే ఉంది. ఆవిడ చేతే చదివించుకున్నా. బాగానే చదివింది, "ముఖ్యంగా సిస్టర్‌కి" అన్నచోట కాస్త దగ్గిందంతే. ఇదీ ఆవిడే రాస్తోంది, ఆవిడే తెచ్చి నీకిస్తుందట. నేనూ ఆవిడకి చెప్పాన్లే, "ఆ పుండు చూస్తే నాకే కడుపులో తిప్పుద్ది, పదిహేడేళ్ళ పిల్లకి తిప్పదా?" అని.

ఉంటానే,
మామ్మ

తా.క. నస్రత్, ఇది మాత్రం నా మాట. ఫొటో నేను తీసేస్తాను. అమ్మీకి నువ్వే చెప్పాలి. శనివారం అందరి ముందు చూపించేదేమీ లేదు, ఆ పొద్దున్నే ఏడింటి బస్సుకి నాతో రా, మామ్మగారి కట్టు నువ్వే విప్పుతావు. నా ఫస్టియర్‌లో నేను పారిపోలేదు, పేషెంట్ మీదే వాంతి చేసుకున్నాను. అప్పట్లో ఈ ఫారాలు లేవు కాబట్టి బతికిపోయాను.
— సువార్తమ్మ