ఎనభై సెకన్లు

మెట్‌పల్లి,
జూన్ 2

ప్రియమైన తమ్ముడు మల్లేష్‌కు,

ప్రియమైన అని రాయకపోతే ఉత్తరం మొదలుకాదు కాబట్టి రాశాను. ఫోన్ చేస్తే నువ్వు మధ్యలోనే పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదని ఇలా రాస్తున్నాను.

మే నెలలో నువ్వు వచ్చి నా ఆన్‌లైన్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు నేను నిన్ను అడిగింది ఒక్కటే, కీబోర్డులో ఇరుక్కుపోయిన మీట చూడమని. ఆ మీట ఇప్పటికీ ఇరుక్కునే ఉంది. నువ్వు మాత్రం "అక్కా, గిది ముసలిదైంది, జర ఫాస్ట్ చేస్త" అని నాలుగు రోజులు కుర్చీ వదల్లేదు. నీ వెనక నిలబడి నేను, నా వెనక నిలబడి జనం.

నిన్న పని తక్కువుంటే లెక్క వేశాను. ఇదివరకు కంప్యూటర్ తెరుచుకోవడానికి రెండు నిమిషాల పది సెకన్లు పట్టేది. ఇప్పుడు యాభై సెకన్లు. మిగిలింది ఎనభై సెకన్లు, అదీ రోజుకు ఒక్కసారి, పొద్దున్నే. నువ్వు కూర్చున్నది తిండి వేళలు తీసేస్తే ముప్పై రెండు గంటలు. ఆ గంటలు తిరిగి రావాలంటే నేను పద్నాలుగు వందల నలభై రోజులు సెంటర్ తెరవాలి. ఆదివారాలు, పండుగలు పోను దగ్గర దగ్గర ఐదేళ్లు. ఈ కంప్యూటర్‌కు ఇప్పటికే ఆరేళ్లు. అది ఐదేళ్లు బతుకుతుందా?

ఇక నువ్వు పోయాక జరిగింది విను. ప్రింటర్ రెండు రోజులు పలకలేదు. పైగా ఫాంట్లు ఎక్కువైతే బరువని వాటిని తీసేశావు. తహసీల్దారుకు ఇచ్చే అర్జీలన్నీ నేను టైప్ చేసే తెలుగు ఫాంటు కూడా వాటితోనే పోయింది. పోశవ్వ తన భూమి సంగతి రాయించుకుని, కాగితం తీసుకుని చూసి, "గిదేంది బిడ్డా, అన్ని డబ్బలే ఉన్నయ్" అంది. ఆమెకు చదవడం రాదు. అయినా డబ్బాలని తెలిసింది.

సాయం చేశానని నువ్వు అనుకుంటున్నావు. నా నాలుగు రోజులు తిన్నావని నేను అంటున్నాను.

నీ అక్కనైనందుకు,
జమున


కాగజ్‌నగర్,
జూన్ 8

అక్కకు,

ప్రియమైన అని నేను రాయడం లేదు. నువ్వు ఎందుకు రాశావో చెప్పాక నాకు రాయబుద్ధి కాలేదు.

నీ లెక్క తప్పు. కంప్యూటర్ తెరుచుకోవడం ఒక్కటే చూశావు. ప్రతి దరఖాస్తుకు నాలుగైదు పేజీలు తెరుస్తావు, ఫొటోలు చిన్నవి చేస్తావు, స్కాన్ చేస్తావు. ఒక్కో చోట రెండు సెకన్లు మిగిలినా రోజు ముగిసేసరికి ఎంతవుతుందో వేసి చూడు. వేయవు. నీకు నన్ను తప్పుపట్టడానికి సరిపోయేంత లెక్కే కావాలి.

ఫాంటు విషయంలో పొరపాటు నాదే. ఒక్క ఫోన్ చేసుంటే పది నిమిషాల్లో చెప్పేవాణ్ణి. నువ్వు చెయ్యలేదు. రెండు రోజులు కష్టపడి, ఆ రెండు రోజులను కూడా నా ఖాతాలో రాశావు.

ఇంకో సంగతి. మూడో రోజు మధ్యాహ్నం సెంటర్ నిండా జనం ఉన్నప్పుడు నువ్వు అన్న మాట నాకు గుర్తుంది. "వీనికి కాలేజీల పిల్లలు లేరు, ఇంట్ల పని లేదు. నా కంప్యూటర్ దొరికింది ఆడుకోనీకి." అవును, మా జూనియర్ కాలేజీలో నేను చెప్పే కంప్యూటర్ క్లాసుకు ఈ ఏడు పదకొండు మందే చేరారు. వచ్చే ఏడు ఆ క్లాసు ఉంటుందో లేదో తెలియదు. నేను ఇల్లు విడిచి నీ దగ్గరికి వచ్చింది ఆ ఫికర్ జరసేపు మరిచిపోదామని. ఆ నాలుగు రోజులు ఒక వస్తువు నా చేతిలో బాగుపడుతుంటే చూశాను. దాన్ని నీ ముప్పై రెండు గంటల్లో ఏ పక్కన వేశావు?

నువ్వు చెప్పినంత తేలిక పనే అయితే, నువ్వే కూర్చుని, కంప్యూటర్‌లో కనబడకుండా వెనకాల నడిచే ప్రోగ్రాముల్లో ఒక్కదాన్ని ఆపి చూపించు. ఏది ఉంచాలో, ఏది ఆపాలో తెలుసుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. నీకు వాటి పేర్లు చదవడం కూడా రాదు.

మల్లేష్


మెట్‌పల్లి,
జూలై 24

మల్లేష్‌కు,

నేను నీకు ఇంక రాయకూడదనుకున్నాను. జరిగింది నీకు తెలియకుండా పోవడం ఇష్టం లేక రాస్తున్నాను.

బీడీలు చేసే కొమురవ్వ నీకు తెలుసు, పాత బస్టాండు వెనక ఉంటుంది. ఆమె బిడ్డ తిరుమల నర్సింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి మొన్న ఇరవై రెండున వచ్చింది. ఆ రోజు సాయంత్రం ఐదు గంటలకు గడువు. ఆ పిల్లకు మంచి ర్యాంకు. జగిత్యాలలో సీటు ఖాయమని అందరూ అన్నారు. ఇంటి నుంచి రోజూ పోయి రావచ్చు. తండ్రి అంతయ్య దూరం పంపనని ముందే చెప్పాడు.

పిల్ల కాలేజీల పేర్లు కాగితం మీద రాసుకొచ్చింది. "అక్కా, రెండోది కరీంనగర్ పెట్టాల్నా, వేరేది పెట్టాల్నా?" అని ఆలోచిస్తోంది. నేను తెర మూలన చూశాను. నాలుగు నలభై ఒకటి. "నిదానంగ చూస్కో బిడ్డా, ఇంక పందొమ్మిది నిమిషాలున్నయ్" అన్నాను. నా ఫోన్ లోపలి గదిలో ఛార్జింగ్‌లో ఉంది. పిల్ల దగ్గర ఫోన్ లేదు. ఇద్దరం కలిసి వరస సరిచేసి సబ్మిట్ నొక్కాం. గడువు ముగిసింది అని వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే.

అప్పుడే అంతయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "అయిదు దాటె గదా, అయిపాయెనా బిడ్డా?" అన్నాడు.

తెర మీద నాలుగు నలభై ఐదు. అతని చేతి గడియారంలో ఐదూ ఎనిమిది.

తిరుమల ఏడవలేదు. ఆ కాగితాన్ని మడతల మీద మడతలు పెడుతూ కూర్చుంది. అంతయ్య ఆ పిల్లను లేపి ఇంటికి తీసుకుపోయాడు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. కంప్యూటర్ తన గడియారాన్ని తనే సరిచేసుకునే ఏర్పాటు ఒకటుంటుందట. నా కంప్యూటర్‌లో అది ఆగి ఉంది. నీ వేగానికి అడ్డమని ఆపి ఉంటావు. ఎనభై సెకన్లు మిగిల్చి ఒక పిల్ల దగ్గర ఇరవై మూడు నిమిషాలు లాక్కున్నావు.

జమున


కాగజ్‌నగర్,
జూలై 29

అక్కకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పిల్ల విషయంలో నాకు ఎంత బాధగా ఉందో నీకు చెప్పి లాభం లేదు, నమ్మవు.

నేను మొత్తం పద్నాలుగు ఆపాను. గడియారందాన్ని నేను ముట్టుకోలేదు అనుకుంటున్నాను. గడియారాన్ని ఆపితే వచ్చే లాభం ఏమీ లేదు, ఆ సంగతి నాకు తెలుసు. ఎందుకు ఆపుతాను?

నువ్వు నన్ను అడగలేదు. నేరుగా తీర్పు చెప్పావు. జనం గడువులతో వచ్చే సెంటర్ నడుపుతున్నావు. గోడకు ఒక గడియారం తగిలించడానికి ఎంతసేపు పడుతుంది? దానికి లెక్క వేశావా? ఆరేళ్లలో ఐదు నిమిషాలు దొరకలేదా?

మల్లేష్


మెట్‌పల్లి,
ఆగస్టు 1

ముట్టుకోలేదా, ముట్టుకోలేదని అనుకుంటున్నావా? రెండూ ఒకటి కావు. ఆపిన వాటిని ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నావా? రాసుకుని ఉంటే పంపు. లేకపోతే నాకు ఉత్తరం రాయకు.

జమున


మెట్‌పల్లి,
ఆగస్టు 19

ప్రియమైన మల్లేష్‌కు,

ఈసారి ప్రియమైన అని అలవాటుగా రాయలేదు.

నువ్వు జవాబివ్వలేదు. రాసిపెట్టుకోలేదు కాబట్టే మౌనంగా ఉన్నావని అనుకున్నాను. నిన్ను మనసులో ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను.

పన్నెండో తారీకున ఫైజల్ వచ్చాడు. మార్కెట్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అతను. గడియారం మళ్లీ వెనకబడితే చూడమని నేనే పిలిచాను. లోపల ఉన్న చిన్న బ్యాటరీ తీసి కొత్తది వేశాడు. తర్వాత ఏవో తెరిచి చూస్తూ, "అక్కా, బ్యాటరీ ఖతమైంది, నిజమే. గని టైమ్ సరిచేసుకునేదాన్ని ఎవరో బంద్ పెట్టిన్రు. అందుకే రోజుకు అర నిమిషం మీదనే వెనకకు పోయింది" అన్నాడు.

"మా తమ్ముడు" అన్నాను.

"ఎప్పుడొచ్చిండు?"

"మే నెలల."

ఫైజల్ తల అడ్డంగా ఊపాడు. "మే కాదు అక్కా. ఏది ఆపినా తారీకు ఏసి రాసుకుంటది గిది. చూడుండ్రి. జూన్ పదకొండు, పగటీలి మూడు గంటలు."

జూన్ పదకొండున నీ ఉత్తరం వచ్చింది, మల్లేష్. నాకు వాటి పేర్లు చదవడం కూడా రాదని రాసిన ఉత్తరం. అది చదివి, తలుపు దగ్గరికి వేసి, కంప్యూటర్ వేగం ఎలా పెంచాలో చెప్పే ఒక వీడియో పెట్టుకుని కూర్చున్నాను. వాళ్లు చెప్పినట్టు మూడింటిని ఆపాను. గడియారంది వాటిలో ఒకటి. పదకొండు నిమిషాలు పట్టింది. నీకు నాలుగు రోజులు, నాకు పదకొండు నిమిషాలు అని నీకు రాయాలని ఎంత సంబరపడ్డానో. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి చూస్తే రెండు సెకన్లు కూడా తగ్గలేదు. సిగ్గేసి రాయలేదు. కొన్నాళ్లకు చేసిన సంగతే మరిచిపోయాను. మరిచిపోయాను అంటే నువ్వు నమ్మాలి. జూలైలో నీకు రాసినప్పుడు నీ మీద నేరం మోపాలని అబద్ధం చెప్పలేదు. నువ్వే చేశావని నిజంగా నమ్మాను. నాకు అలా నమ్మడం తేలిక.

ఫైజల్ వెళ్లాక కూడా రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదని కూడా అనుకున్నాను. అది కూడా రాసేస్తున్నాను.

పద్నాలుగున బీడీల కంపెనీ దగ్గర కొమురవ్వ కనిపించింది. మొహం తిప్పుకుని పోతుందనుకున్నాను. ఆగి, "మీ తమ్ముడొచ్చిండు ఆరో తారీకు నాడు. తప్పు నాదే అని మా ఆయన ముంగట నిలబడ్డడు. మా ఆయనకు కోపమొచ్చి చెంప మీద కొట్టిండు" అంది.

కాగజ్‌నగర్ నుంచి మంచిర్యాల, మంచిర్యాల నుంచి ఇక్కడికి. బస్సు దిగి నా సెంటర్ ముందు నుంచే పోయి ఉంటావు. లోపలికి చూశావా? నేను ఎవరికో ఆధార్ నంబర్ కొడుతూ ఉండి ఉంటాను.

ఆ సాయంత్రమే అంతయ్య ఇంటికి పోయాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. జూన్ పదకొండు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. అంతయ్య, "గా పిలగాని మీద చెయ్యి చేసుకున్న నేను" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

కొమురవ్వ మాత్రం ఊరుకోలేదు. "మొన్న గాయన వచ్చి నేనన్నడు, ఇయ్యాల నువ్వొచ్చి నేనంటున్నవ్. మీ అక్కాతమ్ముండ్ల తప్పులు మీరు పంచుకోండ్రి. మా బిడ్డకు జగిత్యాల సీటు ఎవలు తెస్తరు?" అంది.

సీట్లు నింపే రెండో విడతలో తిరుమల నా దగ్గరికి రాలేదు. ఎదురుగా ఉన్న ఇంకో సెంటర్‌లో ఆప్షన్లు పెట్టుకుంది. జగిత్యాల సీట్లు అప్పటికే నిండాయి, ఆదిలాబాద్‌లో సీటు వచ్చింది. అంతయ్య పంపనన్నాడట. నేను అక్కడ నిలబడి ఉండగానే ఆ పిల్ల లోపలి నుంచి వచ్చి, "బాపు, నేను పోత. నువ్వు వద్దన్నా పోత. ఇంకొక ఏడాది ఇంట్ల కూసుండి ఎవల తప్పు అని మాట్లాడుకునుడు నాతోని కాదు" అంది. నా మొహం కూడా చూడలేదు. చూడనవసరం లేదు.

అంతయ్య ఒప్పుకున్నాడు. ఆదిలాబాద్ అతను ఎన్నడూ చూడలేదు. హాస్టల్‌లో ఆడపిల్లను దింపడానికి ఒక ఆడమనిషి తోడుంటే మంచిదని, కొమురవ్వకు బీడీల పని వదిలే వీలు లేదని, నేను వస్తానన్నాను. కొమురవ్వ వద్దంది. అంతయ్య "రానియ్యి" అన్నాడు. ఇరవై ఆరున పోతున్నాం. సెంటర్ మూడు రోజులు బంద్.

ఇంటి నుంచి బయటికొస్తుంటే అంతయ్య గుమ్మం దాకా వచ్చి అన్నాడు. "మీ తమ్మునికి గూడ ఆదిలాబాద్ రమ్మని చెప్పు. నేను మాట్లాడాలె." ఏం మాట్లాడతాడో నాకు చెప్పలేదు. మొహం చూస్తే ఇంకో దెబ్బ కొట్టేలా లేడు.

నిన్ను క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. కోపం కూడా మొత్తం పోలేదు, దాచను. చూసుకోకుండా, నన్ను ఒక్క మాట అడగకుండా, చేయని తప్పుకు పోయి దెబ్బ తిని వచ్చావు. ఎందుకు తిన్నావో నాకు తెలుసు. నేను అడిగిన జాబితా నీ దగ్గర లేదు. లేదని నాకు రాయడం కంటే దెబ్బ తినడం నయమనుకున్నావు. నీ అక్క అంత భయంకరంగా తయారైందా?

మా బస్సు ఇరవై ఆరున పదకొండు గంటల ప్రాంతంలో ఆదిలాబాద్ బస్టాండ్‌లో ఆగుతుంది. జవాబు రాయకు. వస్తే అక్కడ నిలబడు. అంతయ్య, తిరుమల ఇద్దరూ వింటుండగా నేనే మొదట చెప్తాను, వీడు కాదు, నేను అని. ఆ తర్వాత నిన్ను పక్కకు తీసుకుపోయి తిడతాను. రెండూ బాకీ ఉన్నాయి.

నీ కోసం చూస్తూ,
అక్క