ఈల్ చేపని వెనక్కి పంపేది లేదు

మావయ్యా,

నేను డ్యూటీకి వెళ్తున్నా. ఈల్ చేపని తీసుకెళ్ళడానికి షాపతను వస్తే గుమ్మం దగ్గర్నుంచే పంపించెయ్. నువ్వే రమ్మన్నావని తెలుసు. అయినా ఇవ్వను.

కొని ఆరు రోజులైనా ఏమీ తినలేదంటావు. నువ్వు గంటకోసారి టార్చి వేసి చూస్తుంటే ఎలా తింటుంది? తొట్టికి నా పాత దుప్పటి కప్పాను, తియ్యకు. ఫ్రిజ్‌లో రొయ్య ముక్కలున్నాయి, అత్తయ్య కూరలో వేసెయ్యకుండా చూడు. సాయంత్రం ఒక ముక్క పట్టకారుతో అది దాక్కునే గొట్టం దగ్గర పెట్టి, లైటు ఆర్పేసి, అక్కణ్ణుంచి వెళ్ళిపో. నిలబడి చూడకు. గంట తర్వాత కూడా ముక్క అలాగే ఉంటే తీసెయ్, నీళ్ళు పాడవుతాయి. మూత మీద ఇటుక మళ్ళీ పెట్టు, లేకపోతే పాములా బయటికి పాకేస్తుంది.

తినని దాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తామని నిన్న ఇల్లు ఎగిరిపోయేలా అరిచావు. నా ఎనిమిదో ఏట నన్ను ఈ ఇంటికి తెచ్చినప్పుడు నేను రెండు రోజులు మంచం కిందే ఉన్నాను. ఒక్క మెతుకు ముట్టలేదు. మరి నన్ను ఎక్కడికీ పంపలేదే?

అన్నట్టు, ఆ మంచం కిందకి కంచం తోసి, లైటు ఆర్పేసి వెళ్ళింది అత్తయ్య అని ఇన్నాళ్ళూ నమ్మించావు. వంగినప్పుడు టక్కుమన్నవి నీ మోకాళ్ళే.