మంచులో దాచిన తమ్ముడు

పండూ,

ఫోన్ చేస్తే మాట మారుస్తావని ఉత్తరం రాస్తున్నాను. మొన్న తెనాలి బస్టాండులో మీ ల్యాబులో పనిచేసే రూబీ కనిపించి అంతా చెప్పింది.

నీ తమ్ముడు రత్నబాబు బండి మీద నుంచి పడి చనిపోయిన రోజు, వాడి శ్వాసగొట్టంలో కణాలు వైరస్ పరీక్షలకు పనికొస్తాయని నువ్వే అన్నావు. ఏడుస్తూనే సంతకం పెట్టాను. సగం కణాలు అప్పుడే పరీక్ష చేశారంట. మిగతా సగం గడ్డకట్టించి దాచారంట. అవి కరిగించాక కూడా వైరస్ వాటిని ముందులాగే పట్టుకుంటుందో లేదో చూడాలంట. దాచినందువల్ల కణాలు మారిపోతే, అలాంటి వాటితో చేసే పరీక్షలన్నీ తప్పుతాయంట. నువ్వేమో ఇంతవరకు వాటిని బయటికే తియ్యలేదంట.

"అక్క కణాలు దాచిన ఆ మంచుపెట్టె దాకా వెళ్లి వెనక్కొస్తది పిన్నీ. తమ్ముడిది మిగిలింది అదొక్కటే, అది కూడా పోతే ఎట్టా అంటది. సారు కేకలేస్తన్నారు," అంది రూబీ.

నాకు ఒళ్లు మండింది. రేపల్లెలో వాడి సమాధిలో నా చేత్తో మట్టి వేశాను. కన్నదాన్ని నేను వదిలితే నువ్వు సీసాలో పట్టుకుని కూర్చుంటావా? దాచుకోమని ఇచ్చానా? ఇంకో తల్లి బిడ్డకు ఊపిరాడుతుందని ఇచ్చాను. బాపట్లలో పెదనాన్న ఇంటికెళ్లినా వాడు పాడైన కొళాయి బాగుచేసిగానీ టీ తాగేవాడు కాదు. అట్టాంటివాణ్ణి ఊరికే కూర్చోబెట్టావు.

సోమవారం బయటికి తియ్యి. కరిగిస్తే కణాలన్నీ బతకవని రూబీ చెప్పింది. పోయినవాటికి నిన్నేమీ అనను. ఆ రోజు మాత్రం అన్నం మానకుండా కడుపునిండా తిను.