మొదటి మాట ఎవరిది?

8 ఫిబ్రవరి 1978, వికారాబాద్
లెంటు దినాలు, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, మొదలు. తీర్మానం: నలభై రోజులు కోపం బంద్! మాంసం మానేవాళ్లు వీధికి పదిమంది. ఈ మత్తయ్య సార్, అంటే నేను, కోపమే మానేశాడు. బడిలో, చర్చిలో, బస్టాండులో అందరికీ చెప్పాను. చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది?

11 ఫిబ్రవరి
ఎవరినీ కొట్టలేదు. మా ఆవిడ సుమిత్రమ్మ పప్పు మాడ్చింది. నవ్వాను. "ఏమైంది, పానం మంచిగ లేదా?" అని నుదురు పట్టి చూసింది.

5 మార్చి, ఆదివారం
తొమ్మిదేళ్ల తర్వాత బాల్‌రాజ్ తాండూరు నుంచి దిగాడు. చర్చి హార్మోనియం ఎత్తుకుపోయి, అమ్ముకుని తాగేసిన మహానుభావుడు! ఇన్నాళ్లూ అక్కడ బండల పాలిష్ పనిలో ఉన్నాడట. ఆరాధన మధ్యలో లేచి ఏడ్చాడు. మా పాస్టరు అయ్యగారు కౌగిలించుకున్నారు. నేనూ చేయి కలిపాను. కోపం లేదు. కొంచెం తలనొప్పి.

12 మార్చి
ఘోరం! గుడ్ ఫ్రైడేకి యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురం ప్రసంగిస్తాం. మొదటిది "తండ్రీ, వీరిని క్షమించు" అనే క్షమాపణ మాట. పన్నెండేళ్లుగా నాది! అయ్యగారు దాన్ని బాల్‌రాజ్‌కిచ్చి, నాకు ఐదోది, "దప్పిగొనుచున్నాను" అనే దప్పిక మాట ఇచ్చారు. తాగుబోతుకు క్షమాపణ, చుక్క ముట్టని నాకు దప్పికనా?
"అయ్యగారూ, జర న్యాయం చూడుండ్రి."
"న్యాయం జూస్తే మనిద్దరం చర్చిల ఉంటమా, మత్తయ్యా?"
ఇది కోపం కాదు. బాధ.

14 మార్చి
సవరణ: ధర్మాగ్రహం కోపం కిందికి రాదు.
సాయంత్రం 6: ఇంటికొస్తే సుమిత్రమ్మ బాల్‌రాజ్‌కు కోడికూర వడ్డిస్తోంది. "ఎన్నడు తిన్నడో పాపం" అట. లెంటులో నాకొక్క గుడ్డయినా పెట్టిందా? గిన్నె విసిరాను. గోడకే తగిలింది కనుక లెక్కలోకి రాదు.

24 మార్చి, గుడ్ ఫ్రైడే
12.10: బాల్‌రాజ్ లేచాడు. "ఏం జేస్తున్నరో ఎరుకలేనోళ్లను మాఫ్ చెయ్యుమని ప్రభువు అడిగిండు. నేనైతే ఎరుకుండే జేసిన. అయినా మీరు నన్ను లోపటికి రానిచ్చిండ్రు." కూర్చున్నాడు. అంతే! ఒక్క నిమిషం! చర్చంతా ఏడుపు. సుమిత్రమ్మ వెక్కి వెక్కి.
1.30: నా వంతు. ముప్పావుగంట దంచాను. ఒక్క కన్నూ తడవలేదు. ఇద్దరు కునికారు. నా గొంతు బొంగురుపోతే బాల్‌రాజ్ గ్లాసుతో వచ్చాడు. "జరన్ని నీళ్లు తాగు, అన్నా." దప్పిక మీద ప్రసంగిస్తూ ఆ గ్లాసు విసిరికొట్టాను. నీళ్లన్నీ అయ్యగారి తెల్లంగీ మీద. "నాకెవరి మీదా కోపం లేదు!" అని అరిచాను కూడా.
నలభై రోజులూ గంగపాలు.

25 మార్చి
అయ్యగారొచ్చారు. "బాల్‌రాజ్ పొద్దుగాల్నుంచి మోకాళ్ల మీదున్నడు. నిన్ను మాఫ్ చెయ్యుమని."
నన్నా? వాడు? నా కోసమా! సిగ్గుతో చచ్చాను. వెంటనే ఒళ్లు మండింది.

26 మార్చి, ఈస్టర్, ఉదయం 5
తీర్మానం మళ్లీ మొదలు. నలభై రోజులు. ఈసారి ఎవరికీ చెప్పను.
ప్రభువా, నన్ను క్షమించు. నా విషయంలో న్యాయం చూడకు. బాల్‌రాజ్ విషయంలో మాత్రం జర చూడు.